మూట చిన్నగైతే గుట్టు దాగినట్టే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ వెతికినా దొరకదు. కొడుకు దుబాయిలో, అవ్వ ఇక్కడ. నడుమ ఉన్నది సముద్రం ఒక్కటే కాదు, చెవులు కూడా. అక్కడ రూములో మంచం మీద మంచం. ఒకడు ఫోను ఎత్తితే మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. ఇక్కడ గోడవతల పక్కింటి అత్త, గోడివతల చిన్న వదిన, అరుగు మీద వీసాకు మిత్తికి పైసలిచ్చినాయన. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగి, ఆ వెంటనే అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన నాటి నుంచీ ఈ గడ్డ మీద వినేవాళ్ళకు కొదవ లేదు.

అందుకని మాటను తక్కువ ఖర్చుతో, ఎక్కువ గుట్టుగా దాటించే ఉపాయాలు కొన్ని మీ ముందు పెడుతున్నాను. ఇదే సంగతి మీద అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ అనే ఆయన 1948లో ఒక పెద్ద వ్యాసం, 1949లో ఇంకో పెద్ద వ్యాసం అచ్చేశాడు. కబురును ఎంత చిన్నగా కుదించవచ్చో మొదటిదాంట్లో ఉంటుంది, ఎంత గట్టిగా దాచవచ్చో రెండోదాంట్లో. కుదించడానికొకటి, దాచడానికొకటి. అనవసరంగా రెండు వ్యాసాల కష్టం పడ్డాడు పాపం. మనం ఒక్క దెబ్బకు రెండూ కానిద్దాం.

మొట్టమొదట, ఏది దాచాలన్నా జిప్ ఫైలు చేయండి. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు అన్నీ ఒకే మూట. సిరిసిల్ల నేతకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నారు కదా. పెట్టె మూసి ఉన్నంతసేపు ఆ చీర అంచు ఏ రంగో ఎవరికైనా తెలుస్తుందా? మన శాస్త్రం అదే. పెట్టె తెరిచి కొస పట్టి లాగితే చీరంతా బయటికి వస్తుంది గదా అని కొందరు అడ్డం తగులుతారు. జిప్ ఫైలు కట్టే పద్ధతి 1989 నుంచి లోకమంతటికీ తెలుసుననీ, విప్పడానికి కావలసిన వివరమంతా ఆ ఫైలులోనే ఉంటుందనీ, కుదించేవాడు కోరుకునేదే అవతలివాడు సులువుగా విప్పాలనీ అంటారు. వినకండి. తెరిచేంత ఓపిక ఎవరికుంది?

మరీ గుబులుగా ఉంటే పాస్‌వర్డ్ పెట్టండి. మామూలు జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టినా లోపలి కాగితాలకే తాళం పడుతుంది. ఫైళ్ళ పేర్లు, సైజులు ఎవరు చూసినా కనిపిస్తాయి. దీన్ని లోపం అనకూడదు. పేరు మాత్రం వివరంగా పెట్టండి: 'కఫీల్ మీద లేబర్ కోర్టు కంప్లెయింటు, ఫైనల్' అని. వెతుక్కోవడం సులువవుతుంది, మీకూ, కఫీల్‌కూ, అంటే అక్కడ వీసా ఇచ్చిన యజమానికీ.

తెలుగులో రాస్తే ఇంకా మేలు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి, తెలుగు పెట్టగానే లెక్క 70కి పడిపోతుంది. మనవాళ్ళు 'బాగున్నావా' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడానికి అలవాటుపడటానికి ఇదీ ఒక కారణం. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ ఒక్క మాటనే తెలుగు లిపిలో రాస్తే 30 బైట్లు. అక్షరమైనా గుణింతపు గుర్తయినా మూడేసి బైట్లు. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది ఉంటే ఇది లేకుంటే అది. చెప్పిందే చెప్పడం అన్నమాట. ఈ పునరుక్తిని కుదింపు ఇట్టే ఎగరగొడుతుంది. తర్వాత ఆ ఫైలు తెరిచి చూస్తే అంతా గజిబిజి గుర్తులు. గజిబిజిగా ఉంటే చాలు, రహస్యమే. విప్పే సాఫ్ట్‌వేరు ప్రతి ఫోనులో ఉచితంగా ఉంటుందన్న సంగతి మనసులోకి రానీయకండి.

ఇక జిప్పులు రాకముందే మనవాళ్ళు కనిపెట్టిన అసలైన కుదింపు: మిస్‌డ్ కాల్. పైసా ఖర్చు లేదు. దానికంటే ముందు తంతి ఉండేది. దీపావళి శుభాకాంక్షలకు ఒక అంకె, పెళ్లి ఆశీస్సులకు ఒక అంకె. అంకె చెబితే అవతలి ఊళ్ళో వాక్యం మొత్తం దిగేది. 2013 జూలైలో తంతి ఆగిపోయింది. ఆ అంకెల పట్టిక బహిరంగమే, ఖర్చు తగ్గించడానికి పెట్టిందే తప్ప దాపరికానికి కాదు. మీరు ఆ తేడా పట్టించుకోకుండా ఇంట్లో ఒక పట్టిక రాసుకోండి. ఒక రింగు: పైసలు పంపిన. రెండు: ఛుట్టీ దొరికింది. మూడు: కంపెనీ మారిన. నాలుగు: ఖల్లివల్లి అయిన, అంటే కఫీల్‌ను విడిచి కాగితాలు లేకుండా బయటపడ్డ. తరచుగా వచ్చే కబురుకు తక్కువ రింగులు, అరుదుగా వచ్చేదానికి ఎక్కువ. డేవిడ్ హఫ్‌మన్ 1952లో అచ్చేసిన కుదింపు లెక్క కూడా ఈ దారిలోదే.

పట్టికను కాలెండరు పక్కన గోడకు అతికించండి. అవ్వకు చదువు రాకపోతే పిల్లలకు పాట కట్టి నేర్పండి, వాకిట్లో ఆడుకుంటూ పాడుకుంటారు. వాడలో పది ఇండ్లకు ఒకటే పట్టిక ఉంటే అదో ఐకమత్యం. ఒకసారి పెట్టాక జన్మలో మార్చకండి. కాల్ కూడా ప్రతి నెలా జీతం పడ్డ సాయంత్రమే, అదే వేళకు చేయించండి. క్రమశిక్షణ ముఖ్యం.

అరుగు మీద మిత్తాయన రింగులు లెక్కపెడుతుంటాడు. పెట్టనీయండి. నాలుగు కబుర్లలో ఏది వస్తుందో ఏమీ తెలియనివాడికి షానన్ కొలతలో రెండు బిట్ల అనుమానం, అంటే రెండు అవును-కాదు ప్రశ్నలంత అనుమానం ఉంటుంది. మిత్తాయన అట్లాంటివాడు కాడు అంటారా? నిజమే, కంపెనీలో జీతాలు ఏ తారీఖున పడతాయో ఆయనకు తెలుసు, వీసా తెప్పించింది ఆయన బామ్మర్దే. నెల మొదటివారంలో ఫోను మోగిందంటే పదింట తొమ్మిది పాళ్ళు పైసల కబురేననీ, మిగిలిన మూడింటికీ కలిపి ఒక్క పాలేననీ ఆయన ముందే లెక్కేసుకుని కూర్చుంటాడు. అప్పుడు ఆయన అనుమానం రెండు బిట్ల నుంచి 0.63 బిట్టుకు దిగుతుంది. రింగులు ఎన్నో ఆయన ఇంకా వినలేదు, మీ గోడ మీది పట్టిక చూడలేదు, గుట్టులో మూడింట రెండు పాళ్ళు అప్పటికే పోయింది. ఆ నెల ఫోను మోగకపోయినా ఆయనకు కబురు అందినట్టే. ఇవన్నీ లెక్కల మాస్టర్ల భయాలు. మీరు కొట్టే రింగు ఒక్కటే కదా, ఒక్క రింగులో ఎంత గుట్టు పడుతుంది?

వినేవాడికి చివరికి ఎంత అనుమానం మిగిలిందన్నదే రహస్యానికి కొలత అని 1975లో ఆరన్ వైనర్ ఒక సిద్ధాంతం చేశాడు. తీగకు కొక్కెం వేసి వినేవాడికి మాట మసకగా అంది, అసలు మనిషికి తేటగా అందితే, ముందుగా ఒప్పుకున్న తాళం ఏదీ లేకుండానే కొంత గుట్టు దాటించవచ్చని ఆయన నిరూపించాడు. దీన్ని పాటించాలంటే ఇల్లు వదిలి పెరట్లోకి పోయి, చెవికి ఆనించుకుని, మెల్లగా మాట్లాడాలి. ఎవరికి తీరిక? స్పీకర్ పెట్టండి. అవ్వకు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో అత్తకూ, వదినకూ, అరుగు మీద ఆయనకూ అంతే స్పష్టంగా వినిపించాలి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేయడం మన పద్ధతి కాదు.

మన అవ్వలకు ఒక చెడ్డ అలవాటు ఉంది, దాన్ని మాన్పించాలి. వాళ్ళు ఫోనులో మాట్లాడే తీరు ఇది:

"గా ముచ్చట ఏమైంది కొడుకా?"

"అయింది అవ్వా."

"గంతనా?"

"గంత గాదు, నువ్వు మొన్నన్నంత."

"మరి గాయనకు చెప్పాల్నా?"

"ఇప్పుడే వద్దు."

అంతే, అయిపోయింది. అక్కడ రూమంతా విన్నది, ఇక్కడ గోడవతల అత్త ఊపిరి బిగబట్టి విన్నది. ఏ ముచ్చట, ఎంత, ఎవరికి చెప్పొద్దు, ఏ ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. ఇట్లా మాట్లాడితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు?

ఈ అలవాటుకు వత్తాసు పలికే పండితులు కూడా ఉన్నారు. డేవిడ్ స్లెపియన్, జాక్ వుల్ఫ్ 1973లోనే ఒక లెక్క తేల్చారు. వినే మనిషికి ముందే తెలిసిన సంగతి ఉంటే, కబురులో దానితో ముడిపడ్డ భాగాన్ని మళ్ళీ పంపనక్కర్లేదు. ఆ మనిషికి తెలిసింది సరిగ్గా ఏమిటో పంపేవాడి చేతిలో లేకపోయినా సరే, కుదింపు ఏమాత్రం తగ్గదు. కొడుకు 'అయింది' అంటే చాలు, మిగతాది అవ్వ మొన్నటి మాటలతో పూరించుకుంటుంది. తర్వాత 2007, 2008 ప్రాంతంలో వినోద్ ప్రభాకరన్, కన్నన్ రామచంద్రన్ ఒక పక్క, డెనిజ్ గుండుజ్, ఎల్జా ఎర్కిప్, విన్సెంట్ పూర్ ఇంకో పక్క ఇదే లెక్కలోకి దొంగచెవిని కూడా తెచ్చి కూర్చోబెట్టారు. దొంగచాటుగా వినేవాడికి కూడా సొంతంగా ఎంతో కొంత తెలుసు, అప్పుడు కుదించిన కబురు ఎంత గుట్టు విప్పుతుంది అని. అంతా అవ్వకు తెలిసిందెంత, వాడికి తెలిసిందెంత అన్నదాని మీదే నడుస్తుంది. అవ్వ దగ్గరున్న ఆనవాలు మెరుగైతే 'అయింది' అన్న ఒక్క మాట ఆమెకు నిండు కబురు, వాడికి ఒట్టి శబ్దం. వాడి ఆనవాలే మెరుగైతే, అవ్వకు అర్థమయ్యేట్టు ఏది పంపినా అది వాడికీ అర్థమవుతుంది, ఎంత కుదించినా లాభం లేదు. కోరుట్లలో కొడుకు పంపిన పైసల సంగతి అవ్వకంటే ముందు మిత్తాయనకు తెలిసే ఇండ్లున్నాయి. అక్కడ పని చేసే కుదింపు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

కాబట్టి గా, గంత, గాయన మానేయండి. నిండు వాక్యాల్లో, అంకెలతో సహా చెప్పండి: "అవ్వా, అరవై వేలు పంపిన. మిత్తాయన అడిగితే ఇరవయ్యే వచ్చినయని చెప్పు." స్పీకర్ మీద.

ఇన్ని చెప్పాక కూడా తాళం కావాలని పట్టుబట్టేవాళ్ళుంటారు. సరే. షానన్ 1949 వ్యాసం ప్రకారం ఎంతటివాడూ విప్పలేని గుట్టు కావాలంటే తాళం కూడా కనీసం కబురులోని అసలు సమాచారమంత ఉండాలి, ఎవరూ ఊహించలేనిదై ఉండాలి, ఒక్కసారి వాడి పారేయాలి. కుదింపుకు గుట్టుతో ఉన్న నిజమైన చుట్టరికం ఇక్కడే: ముందు కుదిస్తే తాళం తక్కువ ఖర్చవుతుంది, పైగా చెప్పిందే చెప్పడం పోయింది కాబట్టి పగలగొట్టేవాడికి పట్టు దొరకదు. ముందు కుదింపు, తర్వాత తాళం. మనం తిరగేసి చేద్దాం. ముందు తాళం వేసి ఆ తర్వాత కుదించండి. మంచి తాళం వేసిన ఫైలులో ఒక బైటుకూ ఇంకో బైటుకూ పొంతన ఉండదు, కుదించడానికి అందులో ఏమీ మిగలదు. సైజు తగ్గకపోగా నాలుగు బైట్లు పెరగవచ్చు. పెరిగితే ఇంకోసారి కుదించండి.

తాళం ఎక్కడి నుంచి తేవాలి? గోడ మీది కాలెండరు ఉండనే ఉంది. దుబాయి రూములో అదే కాలెండరు, ఇంట్లో అదే, మిత్తాయన ఇంట్లోనూ అదే. ఈ నెల అమావాస్య 11న పడిందనుకోండి, పంపే వేలకు 11 కలిపి చెప్పమనండి. అరవై వేలైతే 71. వచ్చే నెల కాలెండరు కాగితం తిప్పడం మరిచిపోతారు, తప్పేం లేదు, మళ్ళీ 11తోనే కలపండి. నలభై ఐదు వేలైతే 56. అరుగు మీద ఆయన 71 విన్నాడు, 56 విన్నాడు. తాళం 11 అని ఆయనకు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తాళం దానంతటదే కొట్టుకుపోయి 15 మిగులుతుంది: కొడుకు పదిహేను వేలు తక్కువ పంపిండు, ఓవర్‌టైం బందైంది. మిత్తి ఈ నెలే వసూలు చేసుకోవాలి.

ఒకే తాళాన్ని రెండుసార్లు వాడి చెడ్డవాళ్ళలో సోవియట్ యూనియన్ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధపు ఒత్తిడిలో వాళ్ళ తాళాల కాగితాలు కొన్ని రెండేసి ప్రతులు అచ్చయ్యాయి. అమెరికావాళ్ళు 1943లో మొదలుపెట్టి 1980 దాకా ఆ పాత సందేశాలను తవ్వుతూనే కూర్చున్నారు. వెనోనా అనే ఆ సంగతి 1995లో బయటపెట్టారు. వాళ్ళది దేశాల రహస్యం. మనది మిత్తి రహస్యం, అంత జాగ్రత్త దండుగ.

పరాయివాళ్ళ మాటలను మీ గుట్టుతో కలిపి ఒకే మూట కట్టండి, ఇదింకో చిట్కా. కుదించే యంత్రం ఒకసారి వచ్చిన ముక్క మళ్ళీ వస్తే తిరిగి రాయదు, 'పైన ఉన్నదే' అని చిన్న గుర్తు పెట్టి ఊరుకుంటుంది. మీ మూటలో 'పిన్ 7352' అని ఉందనుకుందాం. అదే మూటలో తన ముక్క కలపగలిగే పరాయివాడు ఒకసారి 'పిన్ 1' అని, ఒకసారి 'పిన్ 2' అని కలిపి చూస్తాడు. 'పిన్ 7' కలిపినప్పుడు మూట ఒక్క పిసరు చిన్నదవుతుంది. మూటకు తాళం ఉంది, లోపలిది వాడికి కనపడదు, సైజు మాత్రం కనపడుతుంది. మొదటి అంకె దొరికినట్టే. ఇట్లా ఒక్కో అంకెకు పది ప్రయత్నాల చొప్పున నలభైతో పని ముగుస్తుంది. లేకుంటే పదివేలు చేయాల్సి వచ్చేది. 2012లో జులియానో రిజ్జో, థాయ్ డువాంగ్ అనే ఇద్దరు ఇదే కిటుకుతో వెబ్‌సైట్ల లాగిన్ గుర్తులను లాగి చూపించి, దానికి క్రైమ్ అని పేరు పెట్టారు. తాళమూ బాగుంది, కుదింపూ బాగుంది, రెండూ కలిసిన చోట చిల్లు పడింది. దెబ్బకు బ్రౌజర్లు ఆ కుదింపును ఆపేశాయి, వెబ్‌సైట్ల రాకపోకలకు తాళం వేసే పద్ధతిలో 2018లో వచ్చిన కూర్పు టీఎల్ఎస్ 1.3లో దాన్ని పూర్తిగా తీసేశారు. నాలుగు బైట్లు ఆదా అయ్యే సౌకర్యాన్ని పిరికితనంతో పోగొట్టుకున్నారని నా అభిప్రాయం.

ఇంటర్నెట్ కాల్ గురించి ఒక్క ముక్క. మాటల నడుమ మౌనానికి తక్కువ డేటా, గట్టి ధ్వనికి ఎక్కువ డేటా పంపే కుదింపు పద్ధతులున్నాయి. డేటా మిగులుతుంది, వాడండి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రైట్ బృందం 2007లో, తాళం వేసిన అట్లాంటి కాల్స్‌లో డేటా పొట్లాల సైజులు మాత్రమే చూసి, 21 భాషల్లో ఏది మాట్లాడుతున్నారో 66 శాతం సందర్భాల్లో సరిగ్గా పట్టుకుంది. గుడ్డిగా చెబితే ఐదు శాతం కూడా రాదు. మరుసటి ఏడు ఏకంగా కొన్ని వాక్యాలనే గుర్తుపట్టారు. ఎప్పుడూ ఒకే సైజు పొట్లాలు పంపితే ఈ దారి మూసుకుపోతుంది, కానీ డేటా ఎక్కువ కాలుతుంది. మనకెందుకు ఆ ఖర్చు? ఆ 21లో హిందీ ఉంది, తమిళం ఉంది, తెలుగు లేదు. ఇంకేం భయం.

ఈ చిట్కాలన్నీ అక్షరాలా పాటించాక కూడా మీ ఇంటి ముచ్చట బయటికి పొక్కలేదంటే, మీ వాడలో వినే చెవులే లేవన్నమాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో అట్లాంటి వాడ ఎక్కడుందో దయచేసి నాకు ఉత్తరం రాయండి. కవరు అతికించకండి, తపాలా ఆయన కూడా చదువుకుంటాడు.